చేతులు కట్టుకుని చెప్పిన మాట

నెల్లూరు గాంధీబొమ్మ సెంటర్లో పొద్దున్నే టీ తాగుతుంటే పక్కన ఒకాయన ఫోన్లో ఎవరికో దారి చెబుతున్నాడు. ఎడమచేతిలో ఫోను, కుడిచేతిలో టీ గ్లాసు. "బొమ్మ కాడ ఆటో దిగి, ఇట్టా..." అని ఆగిపోయాడు. గ్లాసు స్కూటర్ సీటు మీద పెట్టి, ఖాళీ అయిన చెయ్యిని కుడిపక్కకి తిప్పి, "ఇట్టా తిరిగి సందులోకి వచ్చెయ్ అబ్బయా" అని పూర్తి చేశాడు. అవతలివాడికి ఆ చెయ్యి కనపడదు. ఆ సంగతి ఈయనకీ తెలుసు.

మరి ఎవరికోసం తిప్పినట్టు? 1998లో జానా ఐవర్సన్, సూసన్ గోల్డిన్-మెడో అనే అమెరికన్ పరిశోధకులు పుట్టుకతో చూపులేని పిల్లల్ని గమనించి 'నేచర్' పత్రికలో రాశారు. ఎవరైనా చేతులు తిప్పుతూ మాట్లాడటం ఆ పిల్లలు ఎన్నడూ చూసి ఎరగరు. అయినా చూపున్న పిల్లల్లాగే చేతులు కదిపారు. ఎదుటి మనిషికీ చూపు లేదని తెలిసినప్పుడు కూడా కదిపారు. అంటే ఇది చూసి నేర్చింది కాదు, ఎదుటివాళ్ళకి చూపించడానికే చేసేదీ కాదు.

నేను చదివిన పల్లెబడి కావలి పక్కన. అక్కడ పద్యం అప్పజెప్పాలంటే ముందు చేతులు కట్టుకోవాలి. విప్పితే బెత్తం. ముప్పై ఏళ్ళ తర్వాత ఒక సహోద్యోగి రిటైర్మెంట్ సభలో మైకు ముందు నిలబడగానే, నా చేతులు వాటంతటవే వెనక్కి పోయి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. కాళ్ళూ చేతులూ ఆడలేదంటారే, అచ్చం అదే. మాట మాటకీ 'అంటే' అడ్డం పడింది. ఇరవై ఏళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఇంటిపేరు గుర్తు రాలేదు.

అంతా టెన్షన్ వల్లే అనుకున్నాను. కట్టేసిన చేతులకీ అందులో వాటా ఉందేమో. 2001లో గోల్డిన్-మెడో బృందం పిల్లలకీ పెద్దలకీ ఒక జాబితా ఇచ్చి గుర్తుపెట్టుకోమంది. ఆ జాబితా మనసులో ఉండగానే, ఒక లెక్క ఎలా చేశారో వివరించమంది. చేతులు తిప్పుతూ వివరించినప్పుడు వాళ్ళకి జాబితా ఎక్కువ గుర్తుంది, కదపకుండా వివరించినప్పుడు తక్కువ. చెయ్యి ఆడితే బుర్ర మీద బరువు కొంత తగ్గుతుందన్నమాట. మా బడిలో బెత్తం పెట్టి మరీ ఆ బరువు పెంచారు.

గొంతుకీ చేతికీ కూడా లంకె ఉంది. ఇప్పుడే చూడొచ్చు. 'ఆ' అని రాగం సాగదీస్తూ, సుత్తితో కొడుతున్నట్టు చేతిని గట్టిగా పైకీ కిందికీ ఆడించండి. (ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి.) చెయ్యి ఆగిన ప్రతిసారీ స్వరం అదురుతుంది. ఆ కుదుపుకి ఒళ్ళు తూలకుండా నడుము, ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి. దాంతో ఊపిరితిత్తుల్లో ఒత్తిడి మారి, గొంతు కాస్త పైకి లేస్తుంది. విమ్ పౌ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2020లో ఇంకో అడుగు ముందుకు వేశారు. మనిషిని చూడకుండా గొంతు మాత్రమే విన్నవాళ్ళు, ఆ మనిషి చెయ్యి ఏ లయలో ఆడుతోందో పట్టుకోగలిగారు. కాబట్టి ముఖ్యమైన మాట దగ్గర చేత్తో దరువు వేస్తే, ఆ ఊపు చెవికి కూడా అందుతుంది.

అయితే వేళ తప్పకూడదు. సహజంగా మాట్లాడేటప్పుడు చెయ్యి మాటతోపాటో, రవ్వంత ముందో పడుతుంది. అద్దం ముందు బట్టీపట్టిన చెయ్యి వెనకబడుతుంది. 'పేదవాడు' అనేసి, మాట వెళ్ళిపోయాక గుండె మీదికి చెయ్యి తెచ్చుకునే నాయకుల్ని చూడలేదూ? అందుకే అద్దం కన్నా, చెప్పబోయేది వంటింట్లో ఎవరికైనా కబురులా చెప్పి చూసుకోవడం నయమని నా లెక్క. అప్పుడు చెయ్యి ఎక్కడ లేస్తుందో సభలోనూ అక్కడే లేవనివ్వాలి.

సభలో పెంచాల్సింది సైజు మాత్రమే. పురమందిరంలాంటి హాల్లో చివరి వరుసకి మణికట్టు కదలిక ఆనదు, భుజం నుంచి ఆడించాలి. మనకి బొటనవేలితో కణుపులు లెక్కపెట్టే అలవాటు ఉంది కదా, దూరంగా ఉన్నవాళ్ళకి అది ఖైనీ నలుపుతున్నట్టు కనిపిస్తుంది. వేళ్ళు విడదీసి ఎత్తి చూపాలి. అప్పుడు, ఇప్పుడు, ఇకముందు అని వరస చూపించాలంటే మన కుడి నుంచి ఎడమకి జరపాలి. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి అది పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి కుడికి సాగుతుంది. జనంలో ఒకరిని చూపాలంటే చూపుడువేలు వద్దు, అరచెయ్యి చాలు.

పోయిన నెల ఇంకో రిటైర్మెంట్ సభ. మైకు స్టాండుకే వదిలేసి మాట్లాడాను. ఇంటిపేరు గుర్తొచ్చింది. మా అబ్బాయి తీసిన వీడియోలో నా కుడిచెయ్యి బాగానే ఆడింది. ఎడమచెయ్యి మాత్రం చివరిదాకా వీపు వెనకే ఉంది.