‘గులాల్’లో కుర్చీ ఎవరిది? ఒక కాలేజీ ఎన్నిక వెనక చరిత్ర

మొన్న శనివారం రాత్రి చెన్నై ట్రిప్లికేన్‌లో మా అక్క కొడుకు ఉండే మాన్షన్ (బ్రహ్మచారుల లాడ్జి) రూమ్‌లో ‘గులాల్’ చూశాం. వాడిది నెల్లూరు. ఇక్కడ లా రెండో సంవత్సరం. రూమ్మేటుది చిత్తూరు. ప్లాస్టిక్ బకెట్ బోర్లించి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, కిటికీలోంచి వచ్చే బిర్యానీ వాసన మధ్య చూశాం. సగం అయ్యేసరికి మావాడికి సందేహం వచ్చింది: "మామా, కాలేజీ జనరల్ సెక్రటరీ పోస్టు కోసం ఇన్ని హత్యలేంటి? అసలు అందులో ఏముందని?"

అర్ధరాత్రి ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను.

అనురాగ్ కశ్యప్ తీసిన ఈ హిందీ సినిమా 2009 మార్చి 13న విడుదలైంది. కథ రాజ్‌పుర్ అనే కల్పిత పట్నంలో జరుగుతుంది. రాష్ట్రం మాత్రం అసలైన రాజస్థాన్. లా చదవడానికి వచ్చిన దిలీప్ అనే మెతక కుర్రాణ్ణి ర్యాగింగ్ పేరుతో బట్టలు విప్పించి గదిలో పడేస్తారు. అప్పటికే ఆ గదిలో ఒక లెక్చరర్ అమ్మాయి అదే స్థితిలో ఉంటుంది. ఆ అవమానానికి బదులు తీర్చుకోబోయి దిలీప్, అతనితో ఉండే రణ్‌సా చేరేది డుకీ బనా పంచన. కేకే మీనన్ వేసిన ఈ బనా, రాజపుత్రుల ప్రత్యేక రాజ్యం కోసం రహస్యంగా డబ్బు, మనుషులను కూడగడుతుంటాడు. కాలేజీ ఎన్నికలో రణ్‌సాను నిలబెడతాడు. రణ్‌సా హత్యకు గురైతే ఆ చోటులో దిలీప్‌ను నిలబెట్టి, ఓట్ల లెక్క తారుమారు చేయించి గెలిపిస్తాడు. తను ఎలా గెలిచాడో ఆ కుర్రాడికి అర్థమయ్యేసరికి కుర్చీ ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

బనా ముఠా చేస్తున్న సాయుధ వేర్పాటు సన్నాహం సినిమా కోసం అల్లినదే. అతని కడుపుమంటకు మాత్రం అసలు చరిత్ర ఉంది. చిన్నా పెద్దా కలిపి ఇరవైకి పైగా సంస్థానాలను ఒక్కటి చేసి, 1949 మార్చి 30న జైపూర్‌లో సర్దార్ పటేల్ రాజస్థాన్‌ను ప్రారంభించారు. 1952లో వచ్చిన చట్టంతో జాగీర్లు పోయాయి. భారతదేశంలో చేరినందుకు రాజులకు ఏటా ఇస్తామన్న రాజభరణాలకు రాజ్యాంగం 291వ అధికరణంలో హామీ ఇచ్చింది. వాటిని 1971లో 26వ సవరణతో ఇందిరాగాంధీ ప్రభుత్వం రద్దు చేసింది. పెద్ద రాజులకు పెద్దగా నష్టం లేదు. జైపూర్ రాంబాగ్ ప్యాలెస్ 1957లోనే హోటలైంది. మహారాణి గాయత్రీదేవి 1962లో లక్షకు పైగా మెజారిటీతో లోక్‌సభకు వెళ్ళారు. ఎటూ కాకుండా పోయింది జాగీర్లు పోగొట్టుకున్న చిన్న ఠాకూర్లు. కోట గోడలు మిగిలాయి, పెచ్చులూడుతూ. బిరుదు మిగిలింది, పిలిచేవాళ్ళు తగ్గుతూ. బనా ఉపన్యాసాలకు ఊగిపోయేది ఆ ఇళ్ళ పిల్లలే. తాతల కాలం పోగొట్టుకున్నామన్న బాధ ఆ కాలాన్ని చూడని మనవళ్ళకే ఎక్కువ ఉంటుందని నాకనిపిస్తుంది.

ఇదంతా ఉత్తరాది గొడవ అనుకోవద్దు. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం ముందు రోడ్డెక్కింది విద్యార్థులు, తూటాలకు ఎదురు నిలిచింది విద్యార్థులు. ఆ ఊపుతో 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 గెలిచింది చెన్నారెడ్డి నాయకత్వంలోని తెలంగాణ ప్రజా సమితి. అదే ఏడాది ఆ పార్టీ వెళ్ళి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. రాష్ట్రం వచ్చింది 2014లో. మధ్యలో చదువు పోయినవాళ్ళ లెక్క ఎవరు రాశారు? ఇటు 1972లో జై ఆంధ్ర ఉద్యమం కూడా ముందు కాలేజీల్లోనే రాజుకుంది.

నేనుండే ఈ చెన్నైకి ఇంకా పెద్ద కథ ఉంది. 1965లో హిందీ వ్యతిరేక ఆందోళనను నడిపింది విద్యార్థులు. రెండేళ్ళకే 1967 ఎన్నికల్లో విరుదునగర్‌లో మాజీ ముఖ్యమంత్రి కామరాజ్ అంతటివాణ్ణి పి. శ్రీనివాసన్ అనే విద్యార్థి నాయకుడు 1,285 ఓట్ల తేడాతో ఓడించాడు. డీఎంకే అధికారంలోకి వచ్చింది. నాలుగేళ్ళు గడిచాయి. 1971లో అన్నామలై విశ్వవిద్యాలయం ముఖ్యమంత్రి కరుణానిధికి గౌరవ డాక్టరేట్ ఇస్తుంటే విద్యార్థులు అడ్డు చెప్పారు. పోలీసులు లాఠీలు ఝళిపించారు. తర్వాత ఒక విద్యార్థి శవం చెరువులో తేలింది. విద్యార్థుల భుజాలెక్కి గద్దెకు వచ్చిన పార్టీ ఏలుబడిలోనే ఇది జరిగింది. మావాడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. కాలేజీ పోస్టులో ఏమీ ఉండదు. ఆ పోస్టు వెనక, పిలిస్తే వచ్చే వెయ్యి మంది కుర్రాళ్ళుంటారు. పెద్దలకు కావాల్సింది ఆ వెయ్యి మంది.

మధ్యలో చిత్తూరు కుర్రాడు అన్నాడు: "అంకుల్, ఇది మన ‘శివ’ కదా!" తప్పేం లేదు. 1989లో రాంగోపాల్ వర్మ తీసిన ఆ సినిమాలోనూ కాలేజీ ఎన్నికకు దారం లాగేది బయటి రౌడీయే. బెజవాడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన వర్మకు ఆ వాతావరణం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇదే కశ్యప్ తర్వాత వర్మ ‘సత్య’కు రచయితల్లో ఒకడయ్యాడు. తేడా ఏంటంటే, శివ సైకిల్ చైన్ తెంపితే మనం ఈలలు వేశాం. దిలీప్ తుపాకీ పట్టుకుంటే ఈల వేయబుద్ధి కాదు.

ర్యాగింగ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. సినిమా విడుదలకు అయిదు రోజుల ముందు, 2009 మార్చి 8న, హిమాచల్‌లోని కాంగ్రా జిల్లాలో ఒక మెడికల్ విద్యార్థి సీనియర్లు కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. ఆ ఏడాదే యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ ర్యాగింగ్ నిరోధక నిబంధనలు తెచ్చింది. తమిళనాడు అంతకు పన్నెండేళ్ళ ముందే, 1996లో చిదంబరంలో జరిగిన దారుణ హత్య తర్వాత, 1997లో చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ చట్టమూ అదే ఏడాదిది.

ఎన్నికలకు పగ్గం వేయాలని సుప్రీంకోర్టు చెప్పగా, మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో అధ్యక్షతన కమిటీ వేశారు. దాని సిఫార్సులను 2006 సెప్టెంబరులో కోర్టు అమల్లోకి తెచ్చింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, 75 శాతం హాజరు ఉండాలి, అచ్చు పోస్టర్లు పనికిరావు, చేత్తో రాసుకోవాలి. మంచి నియమాలే. 2024లో ఢిల్లీ యూనివర్సిటీ ఎన్నికల్లో గోడలన్నీ పోస్టర్లతో నిండిపోతే, అవి శుభ్రం చేసేదాకా ఓట్ల లెక్కింపు వద్దని హైకోర్టు ఆపేసింది. సెప్టెంబరులో వేసిన ఓట్లు నవంబరు చివర్లో లెక్కపెట్టారు. 5,000తో గోడలు అంతలా నిండవని లెక్కలు రానివాడికీ తెలుసు. సినిమా పుట్టిన రాజస్థాన్‌లో 2023 ఆగస్టులో అశోక్ గెహ్లాట్ ప్రభుత్వం డబ్బు, కండబలం పెరిగాయంటూ విద్యార్థి ఎన్నికలనే ఆపేసింది. గెహ్లాట్ పైకొచ్చిందీ కాంగ్రెస్ విద్యార్థి సంఘం ఎన్‌ఎస్‌యూఐ నుంచే. ఎక్కిన నిచ్చెనను తన్నేయడం మన రాజకీయాల్లో కొత్తేమీ కాదు.

ఆపేస్తే ఆగుతుందా? చెన్నై బస్సెక్కితే తెలుస్తుంది. ఇక్కడి కాలేజీ కుర్రాళ్ళకు ‘రూట్ తల’ అనేవాడు ఒకడుంటాడు. తల అంటే నాయకుడు. ఓటు లేదు, పదవి లేదు, బస్సు రూట్‌కు పెద్ద, అంతే. బస్సు పక్క రేకు మీద డప్పులా దరువేస్తూ, తన కాలేజీ పేరు అరిపిస్తూ, ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటాడు. కండక్టర్ ఈల వేసి వేసి విసుగొచ్చి సీట్లో కూర్చుంటాడు. పక్క రూట్ వాడితో మాటా మాటా పెరిగితే కత్తులు బయటికొస్తాయి. 2019 జూలైలో అరుంబాక్కంలో పట్టపగలు బస్సులో పచ్చయప్ప కాలేజీ కుర్రాళ్ళు తమ కాలేజీ వాళ్ళనే నరికారు. అదీ రూట్ గొడవే. కుర్చీ లేకపోయినా కొట్లాట మాత్రం మిగిలింది.

వీటన్నిటికంటే ‘గులాల్’కు దగ్గరగా ఉన్న సంఘటన 2008 నవంబరు 12న, అప్పట్లో మద్రాసు హైకోర్టు పక్కన ఉండే అంబేద్కర్ ప్రభుత్వ లా కాలేజీలో జరిగింది. తేవర్ కులంవాళ్ళు కొలిచే నాయకుడు ముత్తురామలింగ తేవర్ జయంతి పోస్టర్లలో కాలేజీ పేరులోంచి అంబేద్కర్ పేరు తీసేశారన్నది గొడవకు మూలం. తేవర్, దళిత వర్గాల విద్యార్థులు కత్తి, కర్రలతో తలపడ్డారు. కింద పడినవాణ్ణి కొడుతుంటే పోలీసులు గేటు దగ్గర నిలబడి చూడటం ఊరంతా టీవీలో చూసింది. అప్పుడు నేనూ చూశాను, చేతిలో అన్నం ముద్దతో. మళ్ళీ నోట్లో పెట్టుకోలేకపోయాను. విచారణ జరిపిన షణ్ముగం కమిషన్ కాలేజీని అక్కణ్ణుంచి తరలించమంది. 2018లో తరగతులను ఊరవతల పుదుప్పాక్కానికి, పట్టరై పెరుంబుదూరుకు మార్చారు.

ఇదంతా ఆదివారం ఫోన్లో మావాడికి చెప్పాను. పుదుప్పాక్కం పేరు వినగానే ఆపాడు.

"అంటే నేను రోజూ పొద్దున్నే రెండు బస్సులు మారేది అప్పటి పోస్టర్ వల్లా మామా?"