నొప్పి తగ్గిందిగా, ఇంకా మందెందుకు?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బుకు వచ్చేవాళ్ల నోట ఓపీలో ఎప్పుడూ వినే మాటలు రెండు. మందు మొదలెట్టిన పది రోజులకు, "ఏం పనిచేయట్లేదు సార్." ఆర్నెల్లు పోయాక, "నొప్పి లేదుగా, ఆపేశాను సార్."

ఈ జబ్బుకు మేమిచ్చే మెథోట్రెక్సేట్ నొప్పి గోళీ కాదండీ. మన కీళ్ల మీదే తిరగబడిన రోగనిరోధక శక్తిని అదుపు చేసే మందు. గుణం కనపడడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. అంతవరకూ ఓర్చుకోవడం కష్టమనే కొన్ని వారాలు కొద్దిపాటి స్టెరాయిడ్ ఇస్తాం. చిక్కంతా అక్కడే. రెండ్రోజుల్లో హాయినిచ్చింది కాబట్టి అదే "మంచి మందు" అయిపోతుంది. షాపులో అడిగి మరీ కొంటారు, అసలు మందు డబ్బాలో మూలుగుతుంది.

నొప్పి లేదని ఉన్నట్టుండి ఆపేస్తే చాలామందికి జబ్బు తిరగబెడుతుంది. కీళ్ల దగ్గర ఎముక దెబ్బతినడం తొలి రెండేళ్లలోనే మొదలవ్వొచ్చు, పోయిన ఎముక తిరిగి రాదు. మోతాదు తగ్గించమా అంటే తగ్గిస్తాం. జబ్బు నెలల తరబడి అణిగి ఉన్నాక, పరీక్షలు చూసుకుంటూ, మెల్లగా.

బట్టలు కుట్టుకునే ఒకావిడ "ఇది క్యాన్సర్ మందమ్మా" అని ఎవరో అన్న మాటకు హడలిపోయి మానేసింది. ఊళ్లో ఇచ్చే పొడి పొట్లాలు వాడింది. నొప్పి మాయం! ఏడాది తిరిగేసరికి ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి, వేళ్లు పక్కకు ఒరిగిపోయి వచ్చింది. సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. ఇలాంటి పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి ఉండడం మేం చూడనిదేం కాదు. ఆవిణ్ణి ఏమని కోప్పడతాం? భయపెట్టినవాళ్లు మాత్రం హాయిగానే ఉన్నారు.

క్యాన్సర్‌లో వాడే మందే, నిజమే. అక్కడ కొన్నిసార్లు గ్రాముల్లో ఇస్తారు. మన జబ్బుకు మామూలుగా వారానికి 25 మిల్లీగ్రాములు దాటదు. వారానికి ఒక్క రోజే సుమా! రోజూ మింగితే ప్రాణాల మీదికొస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి. లివర్, రక్తకణాల పరీక్షలు ఎగ్గొట్టకండి, అవి డబ్బు గుంజడానికి రాసేవి కావు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. వంకాయ, చింతపండు మానక్కర్లేదు. సిగరెట్ మానాలి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు. యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే కీళ్లనొప్పి (గౌట్) వేరు, దీంతో కలపకండి.

"మా అమ్మాయికి పిల్లలు పుడతారా?" అని గొంతు తగ్గించి అడిగే తల్లులకు: పుడతారమ్మా. గర్భంతో మెథోట్రెక్సేట్ వాడకూడదు, అంతే. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ లాంటివి వాడొచ్చు. పిల్లల కోసం అనుకునే మూడు నెలల ముందే మాకో మాట చెప్పండి, మందు మారుస్తాం.