తక్కువ ఖర్చుతో సైకిల్ గేర్లు మార్చడం: అపోహలు - వాస్తవాలు

విశాఖలో సైకిళ్లు బాగుచేసే పని నాది. సింహాచలం కొండ ఎక్కాలన్నా, అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్లాలన్నా నా దగ్గరికొచ్చేవాళ్లు అడిగేది ఒకటే: ఎత్తు మీద తేలిగ్గా తొక్కే గేరు కావాలి, ఖర్చు ఎక్కువ కాకూడదు. చాలా సైకిళ్లకు అది కుదురుతుంది కూడా. కానీ వాళ్లూ వీళ్లూ చెప్పింది విని కొందరు అక్కర్లేని పూర్తి సెట్టు కొనేస్తారు, ఇంకొందరు ఆన్‌లైన్లో చవగ్గా దొరికిన పార్టులు తెచ్చుకుని అవి ఒకదానితో ఒకటి కలవక టెన్షన్ పడతారు. ఏడాదంతా దాచుకున్న డబ్బు అలా పోతే చూడ్డానికి నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అపోహ: 8 స్పీడ్ సైకిల్‌కి అన్నీ 8 స్పీడ్ పార్టులే పడతాయి.

8 స్పీడ్ అంటే వెనుక ఎనిమిది పళ్ల చక్రాలు. చైనుని వాటి మీద ఒకదాని నుంచి ఇంకోదానికి జరిపే వెనుక డిరైలర్‌కి తనది ఎన్ని స్పీడ్లో తెలియదు. కేబుల్ ఎంత లాగితే దానికి తగ్గట్టు పక్కకు జరుగుతుంది, అంతే. టక్ టక్‌మని పడే క్లిక్కులన్నీ హ్యాండిల్ మీద గేరు మార్చే షిఫ్టర్లో ఉంటాయి. కాబట్టి చూడాల్సినవి మూడు: ఒక్క క్లిక్కుకి షిఫ్టర్ ఎంత కేబుల్ లాగుతుంది, ఒక మిల్లీమీటర్ కేబుల్ లాగితే డిరైలర్ ఎంత జరుగుతుంది, వెనుక పళ్ల చక్రాల మధ్య దూరం ఎంత. షిమానో కంపెనీ 8 స్పీడ్ షిఫ్టర్ క్లిక్కుకి దాదాపు 2.8 మి.మీ. లాగుతుంది, డిరైలర్ దానికి 1.7 రెట్లు జరుగుతుంది, అంటే సుమారు 4.8 మి.మీ., సరిగ్గా ఆ క్యాసెట్‌లో (వెనుక పళ్ల చక్రాల గుత్తిలో) చక్రాల మధ్య దూరం అంతే. షిమానో 9 స్పీడ్ డిరైలర్‌దీ ఇదే 1.7 లెక్క. అందుకే మీ 8 స్పీడ్ డిరైలర్ పాడైతే 9 స్పీడ్‌ది పెట్టుకోండి, హాయిగా పనిచేస్తుంది. అదే 10 స్పీడ్ మౌంటెన్ బైక్ డిరైలర్ పెడితే దాని లెక్క సుమారు 1.2, ప్రతి క్లిక్కుకీ నాలుగో వంతుకు పైగా తక్కువ జరుగుతుంది. ఇక ఏ స్క్రూ ఎంత తిప్పినా రెండు గేర్లు సరిగ్గా పడితే మిగతావి పడవు.

అపోహ: కంపెనీ ఒకటైతే చాలు, అన్నీ కలుస్తాయి.

షిమానోలోనే షిమానో కలవని చోట్లు చాలా ఉన్నాయి. రోడ్ బైకుల 10 స్పీడ్ పాత 1.7 లెక్కలోనే ఉంది, మౌంటెన్ బైకుల 10 స్పీడ్ మాత్రం మారిపోయింది. పైగా టియాగ్రా 4700 అనే రోడ్ సెట్టు ఉంది, పేరుకు 10 స్పీడే గానీ కేబుల్ లెక్క 11 స్పీడ్‌ది, పాత టియాగ్రా షిఫ్టర్లతో అది కలవదు. 2023లో వచ్చిన క్యూస్ అనే షిమానో సెట్టుది ఇంకో దారి, దాని 9, 10, 11 స్పీడ్లు తమలో తాము కలుస్తాయి గానీ పాత 9 స్పీడ్ అలీవియో సెట్టుతో కలవవు. మరోవైపు, రోడ్ బైక్ 10 స్పీడ్ షిఫ్టర్‌కి 9 స్పీడ్ మౌంటెన్ డిరైలర్ కలిపి వంపు హ్యాండిల్ సైకిళ్ల మీద ఘాట్లు ఎక్కేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు, అది చక్కని జోడీ. మైక్రోషిఫ్ట్ అడ్వెంట్, స్రామ్ లాంటి వేరే కంపెనీలవి కొంటుంటే షిఫ్టర్, డిరైలర్ రెండూ కలిపే కొనండి.

అపోహ: వెనుక చక్రం ఏదైనా పర్వాలేదు, 9 స్పీడ్ ఎక్కించేయొచ్చు.

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. మన దగ్గర అమ్మే 21 గేర్ల సైకిళ్లలో చాలావాటికి వెనుక ఉండేది చక్రం మధ్యలోని హబ్‌కి మర బిగించిన 7 స్పీడ్ ఫ్రీవీల్, అంటే పళ్ల చక్రాలూ, వెనక్కి ఒట్టిగా తిరిగే భాగమూ కలిసి ఒకే ముక్క. క్యాసెట్ దాని మీద ఎక్కదు, దానికి ఫ్రీహబ్, అంటే ఆ తిరిగే భాగం తనలోనే ఉన్న హబ్ కావాలి. మీదేదో తెలుసుకోవడం తేలిక: పళ్ల చక్రాలను వెనక్కి తిప్పండి, మధ్యలో టూల్ పెట్టే గాడులు వాటితో పాటు తిరిగితే క్యాసెట్, తిరక్కుండా ఆగిపోతే ఫ్రీవీల్.

8, 9 స్పీడ్ ఫ్రీవీల్స్ కూడా దొరుకుతాయి కదా అంటారు. దొరుకుతాయి, కానీ నేను వద్దంటాను. ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు బేరింగ్ బాగా లోపలికి ఉంటుంది, పళ్ల చక్రాలు పెరిగేకొద్దీ ఆ వైపు ఆసరా లేని ఇరుసు పొడవు పెరుగుతుంది, బరువైన మనిషి నాలుగు గుంతల్లో పడితే అది వంగుతుంది. ఫ్రీవీల్ ఉన్నవాళ్లకి నా సలహా 7 స్పీడ్‌లోనే ఉండి 14-28 (చిన్న చక్రానికి 14 పళ్లు, పెద్దదానికి 28) తీసేసి 14-34 పెట్టుకోమనే. పెడల్ దగ్గర ముందు చిన్న చక్రం 28 పళ్లైతే, 28కి 28 అంటే పెడల్ ఒక చుట్టుకి 700సీ సైజు చక్రం ఒక చుట్టు, సుమారు 2.1 మీటర్లు. 34 పెడితే అది 1.7 మీటర్లకు తగ్గుతుంది. ఘాట్ మీద ఈ తేడా మోకాళ్లకు వెంటనే తెలుస్తుంది. షిఫ్టర్ పాతదే, చాలాసార్లు డిరైలర్ కూడా పాతదే, చైను మాత్రం కాస్త పొడవుది కావాలి.

కొనేముందు డిరైలర్ పరిమితులు రెండూ చూడండి. ఒకటి అది ఎక్కగల పెద్ద చక్రం, రెండోది మొత్తం కెపాసిటీ, అంటే చైను వదులు కాకుండా అది సర్దుకోగల పళ్ల తేడా. ముందు 48-28 తేడా 20, వెనుక 34-14 తేడా 20, మొత్తం 40. మీ డిరైలర్ మోడల్‌కి షిమానో ఇచ్చిన అంకె 40 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి.

ఫ్రీహబ్ ఉన్నవాళ్లకు దారులు ఎక్కువ. 8, 9, 10 స్పీడ్లకు ఒకే ఫ్రీహబ్. షిమానో 11 స్పీడ్ 11-42 మౌంటెన్ క్యాసెట్ కూడా దాని మీదే కూర్చుంటుంది. రోడ్ 11 స్పీడ్‌కి మాత్రం 1.85 మి.మీ. పొడవైన ఫ్రీహబ్ బాడీ కావాలి, 10 పళ్లతో మొదలయ్యే షిమానో 12 స్పీడ్‌కి మైక్రోస్ప్లైన్ అనే వేరే రకం బాడీయే కావాలి. తక్కువ బడ్జెట్లో 12 స్పీడ్ జోలికి వెళ్లొద్దనే చెబుతాను.

అపోహ: గేరు సరిగ్గా పడట్లేదంటే పార్టులు కలవలేదనే.

చాలాసార్లు అసలు దోషి డిరైలర్ హ్యాంగర్, అంటే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క. సైకిల్ కుడివైపు ఒక్కసారి పడినా అది లోపలికి వంగుతుంది, కంటికి కనబడకపోవచ్చు. తర్వాత కేబుల్. మా బీచ్ గాలికి ఇక్కడ లోపలి తీగ తొందరగా తుప్పు పడుతుంది, పై గొట్టంలో, అంటే ఔటర్‌లో బిగుసుకుపోతుంది. ఇంకోటి, గేరు కేబుల్‌కి బ్రేక్ ఔటర్ వేసేస్తుంటారు. బ్రేక్ ఔటర్ లోపల తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, లాగితే కొంచెం నొక్కుకుంటుంది, ఆ కొంచెం చాలు క్లిక్కు తప్పడానికి. గేరు ఔటర్‌లో తీగలు నిలువుగా ఉంటాయి. గేరు ఔటర్‌ని బ్రేక్‌కి మాత్రం ఎప్పుడూ వేయకండి, గట్టిగా పట్టినప్పుడు అది పగిలి బ్రేక్ పోతుంది. కొత్త డిరైలర్ కొనేముందు హ్యాంగర్ సరిచేయించి, కేబుల్, ఔటర్ కొత్తవి వేయించి చూడండి. సగం మందికి అక్కడే సమస్య తీరుతుంది.

అపోహ: చైను పాతదే వాడుకోవచ్చు, ఏ చైనైనా ఒకటే.

లింకు పొడవు అన్నింటికీ అర అంగుళమే, వెడల్పు మారుతుంది. 8 స్పీడ్ చైను బయటి వెడల్పు 7 మి.మీ. పైన, 9 స్పీడ్‌ది 6.6, 10 స్పీడ్‌ది 6 లోపు. 8 స్పీడ్ మీద 9 స్పీడ్ చైను సాధారణంగా నడుస్తుంది. 10 స్పీడ్ క్యాసెట్ మీద 8 స్పీడ్ చైను వేస్తే పక్క చక్రానికి రాసుకుంటుంది. సాగిన చైనుని కొత్త క్యాసెట్ మీద వేస్తే దాని పళ్లు త్వరగా అరుగుతాయి, అరిగిన క్యాసెట్ మీద కొత్త చైను వేస్తే ఎత్తులో గట్టిగా తొక్కినప్పుడే జారుతుంది. చైను ఎంత సాగిందో కొలిచే చైన్ చెకర్‌లో 0.75 వస్తే మార్చేయండి, 11 స్పీడ్ నుంచి పైకైతే 0.5కే. కొత్త చైను కోసేముందు డిరైలర్ గుండా పోనివ్వకుండా ముందు పెద్ద చక్రం, వెనుక పెద్ద చక్రం మీద చుట్టి, దానికి ఒక అంగుళం అంటే రెండు లింకులు కలుపుకుని అప్పుడు కోయండి. సస్పెన్షన్ వెనుక కూడా ఉన్న సైకిలైతే అది పూర్తిగా నొక్కుకున్నప్పుడు కావాల్సిన పొడవు చూసుకుని కొలవండి.