చేతిపనితో పెళ్లి అలంకరణ: అపోహలు - వాస్తవాలు

తమ పెళ్లి అలంకరణలో కొంతైనా తమ చేతిపని ఉండాలని కోరుకునే జంటలంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. డబ్బు పెడితే దొరికే వస్తువును వద్దనుకుని కత్తెర, కాగితం, దారం పట్టుకుని కూర్చోవాలంటే మనసు ఉండాలి. కానీ ఆ మనసున్న వాళ్లే పెళ్లికి ముందు రాత్రి నిద్ర లేకుండా, సగంలో ఉన్న పని ముందు దిగాలుగా కూర్చోవడం తరచు చూస్తుంటాను. లోపం వాళ్ల చేతుల్లో ఉండదు, ఈ పని గురించి విని నమ్మిన మాటల్లో ఉంటుంది. అలాంటి మాటల్లో నేను ఎక్కువగా వినేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మనమే చేసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

వాస్తవం: కొన్నిటికి తగ్గుతుంది, చాలావాటికి తగ్గదు. టోకున కొనేవాళ్లకు పడే ధరకు మీకు కాగితం, రిబ్బను, పూలు దొరకవు. పనిముట్లు కొనాలి, నేర్చుకునేటప్పుడు పాడయ్యే సరుకూ ఉంటుంది. ఒకే రకం వస్తువును, తేలికైన పద్ధతిలో, ఎక్కువ సంఖ్యలో చేసినప్పుడే మిగులు కనిపిస్తుంది. ఖర్చు తగ్గించుకోవడమే ఉద్దేశమైతే అలంకరణనే తగ్గించుకోండి, అది నేరుగా పనిచేసే మార్గం. చేతిపనిని మాత్రం అది నచ్చితేనే ఎంచుకోవాలి.

అపోహ: స్నేహితులు నలుగురు వస్తే ఒక్క రాత్రిలో అయిపోతుంది.

వాస్తవం: ఏ పనికైనా పట్టే సమయాన్ని మనుషులు తక్కువగానే అంచనా వేస్తారు. గతంలో అలాంటి పని ఎంతసేపు పట్టిందో తెలిసి కూడా ఈసారి అంత పట్టదనే నమ్ముతారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్స్కీ 1970ల్లోనే ఈ ధోరణిని గుర్తించి దానికి పేరు పెట్టారు. దీనికి విరుగుడు గడియారం. అనుకున్న వస్తువును ఒక్కటి, మొదటి నుంచి చివరి వరకు, ఆరబెట్టడంతో సహా చేసి చూడండి. ఒక కాగితపు గులాబీకి 8 నిమిషాలు పడితే 200 గులాబీలకు 1,600 నిమిషాలు, అంటే దాదాపు 27 గంటలు. నలుగురు కలిసి ఆపకుండా చేసినా ఒక్కొక్కరికి దాదాపు 7 గంటల పని. ఆ నలుగురిలో ముగ్గురు అప్పుడే నేర్చుకుంటున్న వాళ్లు, పైగా కలిసి చాలా రోజులైంది, మాటలుంటాయి. ఉండాలి కూడా.

ఇదంతా తయారీ లెక్క మాత్రమే. చేసినవాటిని నలగకుండా వేదిక దాకా చేర్చాలి, నిచ్చెన ఎక్కి కట్టాలి, దూరం నుంచి చూసి సరిచేయాలి, ఊడినదాన్ని మళ్లీ అతికించాలి. వేడుక స్థలం అలంకరణకు ఎన్ని గంటల ముందు మన చేతికి వస్తుందో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. ఆ గంటల్లో ఎంత కట్టగలరో అంతే తయారు చేయండి. నేను పెట్టే నియమం ఒకటుంది: వాడిపోనివన్నీ పెళ్లికి రెండు వారాల ముందే పూర్తయి పెట్టెల్లోకి వెళ్లాలి. చివరి రెండు రోజులు తాజా పూలకే.

అపోహ: చేతిపని ఎంత ఎక్కువ కనిపిస్తే వేడుక అంత అందంగా ఉంటుంది.

వాస్తవం: ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా గట్టిగా వాదిస్తాను. చేతిపని అందం దగ్గరితనంలో ఉంది. రేకు అంచున కత్తెర చేసిన చిన్న వంపు, దారం ముడి, చేతిరాతలో ఒత్తు దగ్గర సిరా కాస్త చిక్కబడటం, ఇవన్నీ అడుగు దూరంలో కనిపిస్తాయి. పది మీటర్ల ఎత్తున కప్పుకు వేలాడదీస్తే ఎంతో ఓపికగా చేసిన పువ్వుకూ యంత్రం మీద చేసిన పువ్వుకూ తేడా తెలియదు. అందుకే ఎత్తుల్ని, పెద్ద విస్తీర్ణాల్ని గుడ్డకు, దీపాలకు, ఆకుపచ్చని కొమ్మలకు వదిలేయండి. మీ చేతిపనిని అతిథి చేతికి అందేచోట పెట్టండి: ఆహ్వాన పత్రిక, ప్రవేశ ద్వారం, కుర్చీ వెనుక కట్టిన చిన్న గుత్తి, బల్ల మీది పేరు చీటీ, జంట కూర్చునే చోటు. ఆ నాలుగైదు చోట్ల పని శుభ్రంగా ఉంటే చూసినవాళ్లకు మొత్తం అలంకరణ చేత్తో చేసినట్టే అనిపిస్తుంది.

స్వాగత ఫలకాల విషయంలో దీనికి ఉల్టా జరుగుతుంది. అవి దూరం నుంచి చదవాల్సినవి, కానీ బల్ల మీద పరుచుకుని రాస్తాం కాబట్టి అక్షరాలు చిన్నవైపోతాయి. మూడు మీటర్ల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం ఎత్తు సుమారు రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. దూరం రెట్టింపైతే ఎత్తు కూడా రెట్టింపు కావాలి. రాసే ముందు పాత కాగితం మీద ఒక పదం రాసి గోడకు అంటించి, నడిచి వెనక్కి వెళ్లి చూడండి.

అపోహ: దుకాణంలో కలిసిన రంగులు వేదిక మీద కూడా కలుస్తాయి.

వాస్తవం: తెలుపుతోనే ఎక్కువ ఇబ్బంది. మిలమిల మెరిసే తెల్లటి గుడ్డలో, కాగితంలో ఆప్టికల్ బ్రైటెనర్లు అనే రసాయనాలు కలుపుతారు. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను అవి పీల్చుకుని నీలి కాంతిగా వదులుతాయి. ఎండలో ఆ తెలుపు ధగధగలాడుతుంది, పక్కనున్న మీగడ రంగు నూలు గుడ్డ మాసినట్టు కనిపిస్తుంది. మామూలు ఎల్ఈడీ దీపాల్లో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు కాబట్టి అదే గుడ్డల జత లోపల అంత ఎబ్బెట్టుగా ఉండదు. వినోద కార్యక్రమానికి అతినీలలోహిత దీపాలు వేస్తే మాత్రం బ్రైటెనర్ ఉన్న ప్రతి ముక్కా నీలంగా వెలిగిపోతుంది.

మిగతా రంగుల్లోనూ ఒక దీపం కింద కలిసిన రెండు వస్తువులు మరో దీపం కింద విడిపోవచ్చు. అద్దకం రసాయనాలు వేరైతే ఇలా జరిగే అవకాశం ఎక్కువ. కాబట్టి గుడ్డ, కాగితం, రిబ్బను నమూనాలను ఒక అట్ట మీద అంటించి, వేడుక జరిగే చోటికి, వేడుక జరిగే వేళకే తీసుకెళ్లి చూడండి. దీపాలు మీరే తెస్తుంటే అన్నీ ఒకే వర్ణ ఉష్ణోగ్రతవి (కాంతి ఎంత పసుపుగా, ఎంత తెల్లగా ఉంటుందో చెప్పే కొలత) తీసుకోండి. 2,700 నుంచి 3,000 కెల్విన్ల వెచ్చని కాంతిలో ముఖాలూ, పూలూ బాగుంటాయి. ఒక మూల వెచ్చనిదీ, మరో మూల తెల్లనిదీ కలిస్తే ఫొటోల్లో సరిచేయడం కష్టం.

అపోహ: కాగితపు పూలు వాడవు కాబట్టి ఎక్కడ పెట్టినా ఫరవాలేదు.

వాస్తవం: ఎండకు రంగు వెలుస్తుంది. మంచు పడితే ముదురు రంగు క్రేప్ కాగితం (సన్నని మడతలుండి సాగే కాగితం) రంగు వదిలి కింది తెల్ల గుడ్డకు అంటుతుంది. గాలిలో తేమ పెరిగితే రేకులు వాలిపోతాయి. ఆరుబయట సాయంత్రపు వేడుకకు కాగితపు పూలు పెట్టాలనుకుంటే పైకప్పు నీడలోనే పెట్టండి.

తయారీలోనూ ఒక సూక్ష్మం ఉంది. క్రేప్ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సన్నని మడత గీతలు ఒకే దిశలో కనిపిస్తాయి. కాగితం ఆ గీతలకు అడ్డంగా సాగుతుంది, వాటి వెంట సాగదు. రేకు కత్తిరించేటప్పుడు గీతలు మొదలు నుంచి కొన వైపు నిలువుగా ఉండాలి. అప్పుడే రెండు బొటనవేళ్లతో మధ్యలో మెల్లగా బయటికి లాగితే రేకు దోసిలిలా గుంట పడుతుంది, అంచులు నిటారుగా నిలబడతాయి. అడ్డంగా కత్తిరిస్తే ఎంత లాగినా ఆ గుంట రాదు, చినుగుతుంది. పువ్వు నిజంగా పూసినట్టుందని చూసేవాళ్లు అంటే అది చాలావరకు ఈ దిశ మహిమే.

అపోహ: తాజా పూలను ఫ్రిజ్‌లో పెడితే పెళ్లి దాకా అలాగే ఉంటాయి.

వాస్తవం: పువ్వును బట్టి ఉంటుంది. గులాబీ, కార్నేషన్ లాంటివి చలిని ఇష్టపడతాయి. ఆంథూరియం, చాలా ఆర్కిడ్లు వేడి ప్రాంతాలవి. 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే వాటి కణాలు దెబ్బతిని నల్లని మచ్చలు పడతాయి. పైగా ఇంటి ఫ్రిజ్‌లో పండ్లు ఉంటాయి. ఆపిల్, అరటి లాంటివి పండేటప్పుడు ఇథిలీన్ వాయువును వదులుతాయి, ఆ వాయువు పూలను ముసలివి చేస్తుంది. కార్నేషన్లు దానికి మరీ త్వరగా ముడుచుకుపోతాయి.

ఫ్రిజ్ కంటే ముఖ్యం నీళ్లు తాగించడం. పూలు రాగానే కాడ చివర రెండు మూడు సెంటీమీటర్లు పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, వెంటనే శుభ్రమైన బకెట్లో నీళ్లలో పెట్టాలి. మొద్దుబారిన కత్తెర కాడలోని నాళాలను నలిపేస్తుంది. నీటి మట్టం కింద ఒక్క ఆకూ ఉండకూడదు. కుళ్లే ఆకు వల్ల బ్యాక్టీరియా పెరిగి నాళాలు మూసుకుపోతాయి, పువ్వు నీళ్లలో ఉండీ దాహంతో వాలిపోతుంది. చల్లగా, మసకగా ఉన్న గదిలో ఒక రాత్రి అలా ఉంచి, మర్నాడు అలంకరణ మొదలుపెట్టండి. నీళ్లలో రాగి నాణెం వేయడం వృథా. చక్కెర ఒక్కటే వేస్తే బ్యాక్టీరియాను మేపినట్టే. పూల కోసమే అమ్మే పొడిలో చక్కెరతోపాటు ఆమ్లమూ, సూక్ష్మజీవుల్ని అదుపు చేసే పదార్థమూ ఉంటాయి, అందుకే అది పనిచేస్తుంది.

కొనే రోజు కూడా పువ్వును బట్టి మారుతుంది. గులాబీలు రెండు రోజుల ముందు చాలు. లిల్లీలు మొగ్గలుగా వస్తాయి, విచ్చుకోవడానికి నాలుగైదు రోజులు ఇవ్వాలి. విచ్చుకోగానే, పుప్పొడి రాలకముందే లోపలి కేసరాల కొనలను వేళ్లతో తుంచేయండి. ఆ నారింజ పుప్పొడి పెళ్లి బట్టల మీద పడితే తడి చేయవద్దు, రుద్దవద్దు. సెల్లోటేపు ముక్కతో పైపైన అద్ది ఎత్తేస్తే వస్తుంది. హైడ్రాంజియా వాలిపోతే పారేయకండి. పూల గుత్తిని మొత్తంగా నీళ్లలో అరగంట ముంచి ఉంచితే చాలాసార్లు లేచి నిలబడుతుంది.

అపోహ: కాడలు గుచ్చే పచ్చని ఫోమ్ దిమ్మ లేకుండా పూలు నిలబడవు.

వాస్తవం: ఆ దిమ్మ 1950ల్లో వచ్చింది, పూల అమరిక అంతకు ముందు శతాబ్దాలుగా ఉంది. ఫోమ్ అంటే ఫినాల్ ఫార్మాల్డిహైడ్ ప్లాస్టిక్. అది మట్టిలో కలవదు, నలిగి పొడి అవుతుంది. ఆ పొడిని నీటి జీవులు తింటున్నాయని, అందులోంచి వాటికి హాని చేసే రసాయనాలు ఊరుతున్నాయని ఆస్ట్రేలియాలోని ఆర్ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన ప్రదర్శనల్లో 2021 నుంచి దాన్ని నిషేధించింది. కోళ్ల గూళ్లకు వాడే జాలీ తీగను బంతిలా నలిపి పాత్రలో పెట్టండి, పైన టేపుతో అడ్డంగా రెండు పట్టీలు వేయండి. కాడలు కదలవు, నీళ్లు కూడా నేరుగా అందుతాయి. తీగను కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఫోమ్ నానబెట్టిన నీళ్లు ఇప్పటికే మిగిలి ఉంటే కాలువలో పోయకండి, గుడ్డలో వడకట్టండి.

అపోహ: గ్లూ గన్ ఉంటే ఏదైనా నిలుస్తుంది.

వాస్తవం: వేడికి కరిగించి అంటించిన జిగురు వేడికే వదిలేస్తుంది. ఎండలో ఆపిన కారు లోపల 60 డిగ్రీలు దాటే అవకాశం ఉంది, చాలా రకాల జిగురు ఆ దరిదాపుల్లోనే మెత్తబడుతుంది. గాజు, నున్నటి ప్లాస్టిక్ మీద చల్లారాక పెచ్చులా ఊడి వస్తుంది. బరువును దారమో తీగో మోయాలి, జిగురు పని కదలకుండా పట్టి ఉంచడమే. తల మీద వేలాడే ఏ వస్తువునూ జిగురు ఒక్కదాని మీద వదలకండి.

అపోహ: కమాను బరువుగా ఉంది కాబట్టి గాలికి ఏమీ కాదు.

వాస్తవం: కమానును పడేసేది దానికి కట్టిన గుడ్డ. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది. గంటకు 18 కిలోమీటర్ల గాలి రెండు చదరపు మీటర్ల గుడ్డను సుమారు 3 - 4 కిలోల బలంతో నెడుతుంది. గంటకు 36 కిలోమీటర్లకు అదే 12 - 15 కిలోలు అవుతుంది. ఆ బలం పైభాగంలో పడుతుంది కాబట్టి, పాదం సన్నగా ఉంటే కింద దానికి కొన్ని రెట్ల బరువు కావాలి. పాదాలను వెడల్పు చేయండి, ఇసుక సంచులు పెట్టి కొమ్మలతో కప్పండి, గుడ్డను బిగించకుండా గాలి దూరేలా వదులుగా కట్టండి. గాలి పెరిగితే గుడ్డ విప్పేయాల్సింది ఎవరో ముందే ఒకరికి అప్పగించండి. ఆ కమాను కింద నిలబడేది మీ వాళ్లే. కాగితం, ఎండు పూలు, గుడ్డ ఉన్నచోట మంట వద్దు, బ్యాటరీ దీపాలు చాలు.

అపోహ: పెళ్లయ్యాక ఎవరో ఒకరు తీసేస్తారు.

వాస్తవం: అతిథులు వెళ్లాక అందరూ అలసిపోయి ఉంటారు, స్థలం ఖాళీ చేయాల్సిన వేళ ముంచుకొస్తుంది. అప్పుడు కత్తెర పట్టిన వాళ్లు అడ్డదిడ్డంగా కోసేస్తారు, నెలల పని చెత్త సంచిలోకి వెళ్తుంది. పెట్టెలు తెచ్చినప్పుడే వాటి మీద రాసి ఉంచండి: దాచుకునేవి, తిరిగి ఇవ్వాల్సినవి, ఎరువు గుంతకు వెళ్లే పూలు, పారేసేవి. తీసేసే పనికి ఇద్దరి పేర్లు రాయండి. వాళ్లు కట్టినప్పుడు ఉన్నవాళ్లే అయితే ఇంకా మంచిది, ఏ ముడి ఎక్కడుందో వాళ్లకు తెలుసు.