యాభై వేల డాలర్లు పడితే గేమ్ అయిపోతుందా? గేమ్ క్రౌడ్‌ఫండింగ్‌పై అపోహలు - వాస్తవాలు

"అన్నా, కిక్‌స్టార్టర్‌లో యాభై వేల డాలర్లు పడితే చాలు, గేమ్ అయిపోతుంది." బెంగళూరులో కొత్తగా గేమ్ మొదలుపెట్టే మన తెలుగు పిల్లల నోట ఈ మాట వినబడని నెల లేదు. కిక్‌స్టార్టర్ అంటే, ఇంకా తయారుకాని వస్తువు కోసం జనం దగ్గర ముందే డబ్బు పోగేసే వెబ్‌సైట్. ఇలా పోగేయడమే క్రౌడ్‌ఫండింగ్. మారతహళ్లిలోనో బెల్లందూరులోనో ఒకే ఫ్లాట్‌లో నలుగురైదుగురు ఉంటారు. ముగ్గురు పగలు ఐటీ ఉద్యోగం చేసుకుని రాత్రుళ్లు కోడ్ రాస్తారు, ఒకరు బొమ్మలు బాగా వేస్తారు. చేతిలో రెండు నిమిషాల ట్రైలర్, మనసులో కాకతీయుల కోట చుట్టూ ముప్పై గంటలు ఆడే ఓపెన్ వరల్డ్, అంటే ఆటగాడు ఎటైనా తిరగగలిగే పెద్ద లోకం. ఆ ఉత్సాహానికి వంక పెట్టేది లేదు. లెక్క మాత్రం తప్పు. కొత్త టీమ్‌ని నిండా ముంచేది ఆ లెక్కే కాబట్టి ఈ పోస్టులో సగం దానికే.

అపోహ: గోల్ మొత్తం చేతికొస్తుంది, దాంతో గేమ్ చేసేస్తాం

గోల్ అంటే క్యాంపెయిన్‌లో, అంటే డబ్బు పోగేసే ప్రచారంలో, మీరు అడిగే మొత్తం. ముందు చేతికొచ్చేది ఎంతో చూద్దాం. 1,500 మంది కలిసి 50,000 డాలర్లు ఇస్తామన్నారనుకోండి. కార్డుల నుంచి డబ్బు తీసేది క్యాంపెయిన్ ముగిశాకే, అప్పటికి కొన్ని కార్డులు పనిచేయవు. అలా ఓ వెయ్యి డాలర్లు జారిపోయాయనుకుందాం. మిగిలిన 49,000లో కిక్‌స్టార్టర్ వాటా 5 శాతం, అంటే 2,450. అమెరికా క్యాంపెయిన్ అయితే కార్డు చెల్లింపుల రుసుము 3 శాతం, పైగా ఒక్కో ప్లెడ్జ్‌కి (ఒక్కొక్కరు ఇస్తామన్న మొత్తానికి) 20 సెంట్లు. అవి 1,470, 300. మిగిలింది 44,780. మూడొందల మందికి టీషర్టు, ఆర్ట్‌బుక్ పంపుతామని మాటిచ్చి ఉంటే, ముద్రణకీ విదేశీ పోస్టేజీకీ కలిపి మనిషికి 20 డాలర్లే పట్టినా 6,000 పోయాయి. ఇక 38,780. డాలర్‌కి 85 రూపాయలు అనుకుంటే దాదాపు 33 లక్షలు.

అందులో ఆడిటర్‌కీ, విదేశీ కంపెనీ కాగితాలకీ (అది ఎందుకో కింద చెబుతాను) 2 లక్షలు తీయండి. సంగీతం, గొంతులు, ట్రైలర్, టెస్టింగ్‌కి 6 లక్షలు తీయండి. మిగిలిన 25 లక్షలతో అయిదుగురికి నెలకు 50,000 చొప్పున ఇస్తే సరిగ్గా పది నెలలు వస్తుంది. పన్ను మాట ఇంకా ఎత్తనేలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పది నెలల్లో మీ టీమ్ ఎంత పని చేయగలదు? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు, ఎందుకంటే వాళ్లు తమ వేగాన్ని ఎప్పుడూ కొలిచి చూసుకోలేదు.

కోట గుమ్మం దగ్గర నిలబడే ఒక్క కాపలా భటుణ్ణి తీసుకోండి. ప్లానింగ్ షీట్‌లో కొత్త టీమ్ రాసేది ఒకటే వరుస: "భటుడు, 5 రోజులు." చేయడానికి కూర్చుంటే స్కెచ్‌కి 2 రోజులు, మోడల్‌కి 4, టెక్స్చర్‌కి (మోడల్ పైన వేసే రంగులకి) 2, రిగ్గింగ్‌కి (కదిలించడానికి లోపల పెట్టే ఎముకలకి) 2. నిలబడటం, నడవడం, పరిగెత్తడం, రెండు రకాలుగా కొట్టడం, దెబ్బ తినడం, పడిపోవడం అని ఏడు యానిమేషన్లకు 5. ఆటగాణ్ణి చూడటం, వెంటపడటం, దొరక్కపోతే వదిలేసి వెనక్కి వెళ్లడం, ఈ తెలివి పెట్టడానికి 4. శబ్దాలకూ ఎఫెక్ట్‌లకూ 2. అప్పటికే 21 అయింది. గేమ్‌లో పెట్టాక మెట్ల మీద వాడి కాలు గాల్లో తేలుతుంది. గుమ్మంలో ఇరుక్కుపోతాడు. సేవ్ చేసి మళ్లీ తెరిస్తే చచ్చినవాడు లేచి నిలబడతాడు. వాటిని సరిచేయడానికి ఇంకో 4. అయిదు రోజులన్నది ఇరవై అయిదు రోజులైంది. అనుభవమున్న టీమ్‌కీ కాస్త అటూఇటూగా ఇంతే పడుతుంది. కాకపోతే ఆ ఇరవై అయిదునీ వాళ్లు షీట్‌లో ముందే రాసుకుంటారు.

అందుకని గోల్ అంకె ఎంత పెట్టాలని అడిగే ముందు ఈ పని చేయండి. పదిహేను నిమిషాల ఆటని, చివరికి అమ్మబోయే నాణ్యతతో, మెనూ నుంచి సేవ్ దాకా పూర్తిగా తయారుచేయండి. మన వాళ్లంతా వర్టికల్ స్లైస్ అనేది దీన్నే. ట్రైలర్ కోసం కెమెరా తిప్పిన సీను స్లైస్ కాదు. బయటివాడు కంట్రోలర్ పట్టుకుని మీ సాయం లేకుండా ఆడగలగాలి. ఆ పని జరిగినన్నాళ్లూ ఒక షీట్‌లో ప్రతి పనికీ రెండు గడులు పెట్టండి: ఎన్ని గంటలనుకున్నాం, ఎన్ని గంటలు పట్టింది. రోజూ పడుకునే ముందు నింపండి, వారాంతానికి వాయిదా వేస్తే మనసు అబద్ధం చెబుతుంది. స్లైస్ అయ్యాక రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. మూడు వస్తే, మిగిలిన గేమ్‌కి మీరు వేసుకున్న ప్రతి అంచనానీ మూడుతో గుణించండి. రాత్రిపూట పనిచేసేవాళ్లు రోజుకు ఎనిమిది గంటలని రాయొద్దు. నిజంగా కూర్చున్న గంటలే రాయండి. దానిపైన బగ్‌లకూ, రకరకాల కంప్యూటర్ల మీద పరీక్షకూ ఇంకో మూడో వంతు కలపండి.

ఆ లెక్కలో నలభై నెలలు తేలితే గోల్ పెంచకండి, గేమ్ తగ్గించండి. ముప్పై గంటల ఓపెన్ వరల్డ్‌ని నాలుగు గంటల కోటగా చేయండి. పది రకాల శత్రువుల్ని మూడు చేయండి. ఇది మనసుకి కష్టంగానే ఉంటుంది, ఏళ్ల తరబడి ఊహించుకున్నది కదా. కానీ కోయాల్సింది క్యాంపెయిన్‌కి ముందే. తర్వాత కోస్తే, డబ్బిచ్చినవాళ్లకు ఇచ్చిన మాటని కోస్తున్నట్టు.

ఇక్కడ ఒక ఉదాహరణ గుర్తుపెట్టుకోవాలి. 2012లో డబుల్ ఫైన్ స్టూడియో 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలు వచ్చాయి. ఎన్నో ఏళ్లుగా గేమ్‌లు చేస్తున్నవాళ్లు వాళ్లు. అయినా వచ్చిన డబ్బుతో పాటు ఆశలూ పెరిగి, గేమ్‌ని రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది. మొదటిది 2014 జనవరిలో వచ్చింది, దాని అమ్మకాల ఆసరాతో రెండోది 2015 ఏప్రిల్‌లో వచ్చింది. ఎనిమిది రెట్లు ఎక్కువ వచ్చిన పాత కాపులకే అలా అయింది.

అపోహ: మనమంతా స్నేహితులం, ఒప్పందాలెందుకు

2012లోనే యోగ్‌వెంచర్స్ అనే గేమ్ రెండున్నర లక్షల డాలర్లు అడిగి 5.67 లక్షలు తెచ్చుకుంది. చేసేది కొత్త టీమ్. 2014లో రద్దయింది. తర్వాత వాళ్లే చెప్పిన లెక్కల్లో ఒక ముక్క చూడండి: ఒక ఆర్టిస్టుకి 35,000 డాలర్లు ఒకే మొత్తంగా ఇచ్చారు. ఆ ఆర్టిస్టుకి వేరేచోట ఉద్యోగం వచ్చి కొద్ది వారాలకే వెళ్లిపోతే, డబ్బు వెనక్కి అడగడానికి ఒప్పందంలో షరతు లేదు.

డబ్బు పనికి పని చొప్పున ఇవ్వండి. మొదట ఇరవై శాతం, మిగతాది ఫైళ్లు చేతికొచ్చాక. ఫైళ్లంటే పీఎన్‌జీ బొమ్మలు కాదు, లేయర్లున్న ఫోటోషాప్ ఫైలు, రిగ్‌తో సహా బ్లెండర్ (3డీ మోడళ్లు చేసే సాఫ్ట్‌వేర్) ఫైలు. అవి లేకుండా మనిషి వెళ్లిపోతే ఆ భటుడి చేతిలో కత్తి మార్చాలన్నా మళ్లీ మొదటినుంచి చేయాలి.

దీనికన్నా తక్కువమందికి తెలిసిన సంగతి మన కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లే అనుకుంటారు. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. మీ గేమ్ స్టీమ్‌లో (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణంలో) ప్రపంచమంతటా, పదేళ్లయినా అమ్ముడుపోవాలి కదా. వాట్సాప్‌లో "ఓకే బ్రో" దానికి సరిపోదు. "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా" అన్న మాటలు కాగితం మీద ఉండాలి. జీతం లేకుండా వాటా మీద పనిచేసే స్నేహితులకైతే ఇది ఇంకా అవసరం.

ఐటీ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఈ రోజే ఆఫర్ లెటర్ తీసి చదవండి. ఉద్యోగంలో ఉండగా రాసిన కోడ్ అంతా కంపెనీదేనని, బయటి పనికి అనుమతి కావాలని అందులో ఉండొచ్చు. ఉంటే హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో అనుమతి తెచ్చుకోండి. ఆఫీసు లాప్‌టాప్‌లో గేమ్ ప్రాజెక్టు తెరవనే వద్దు.

అపోహ: డల్లాస్‌లో బావ ఉన్నాడు, ఆయన పేరు మీద పెట్టేద్దాం

కిక్‌స్టార్టర్‌లో క్యాంపెయిన్ పెట్టగలిగిన దేశాల జాబితాలో భారత్ లేదు. అందుకే ప్రతి టీమ్‌కీ అమెరికాలో ఉన్న బావో, అన్నో గుర్తొస్తాడు. ఆయన ఖాతాలో పడ్డ డబ్బు ఆయన పన్ను లెక్కల్లోకి వెళుతుంది. గేమ్ రాకపోతే జవాబుదారీ కూడా ఆయనే, ఎందుకంటే బ్యాకర్లతో (డబ్బిచ్చినవాళ్లతో) ఒప్పందం ఆయన పేరు మీదే ఉంటుంది. ఇక ఆయన హెచ్‌1బీ మీద ఉంటే, ఆ వీసా స్పాన్సర్ చేసిన కంపెనీ పనికే. పక్కన క్యాంపెయిన్ నడపడం వీసాకే ఎసరు. మీ గేమ్ కోసం ఆయన కుటుంబాన్ని ఆ ప్రమాదంలోకి నెట్టకండి. విదేశీ పబ్లిషర్‌తోనో (గేమ్‌కి డబ్బు పెట్టి విడుదల చేసే సంస్థతో), అక్కడే చట్టబద్ధంగా వ్యాపారం చేస్తున్న భాగస్వామితోనో రాతకోతలు చేసుకోండి. లేదా మీరే అక్కడ కంపెనీ పెట్టుకోండి, అయితే రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌ని ముందే కలవండి.

"అయితే మన వెబ్‌సైట్‌లోనే పేమెంట్ లింకు పెట్టి ముందుగా అమ్మేద్దాం" అంటారు. అమ్మొచ్చు. కానీ మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, తీసుకున్న అడ్వాన్సుకి 365 రోజుల్లో సరుకో సేవో ఇవ్వకపోతే డిపాజిట్ల నిబంధనల కింద అది డిపాజిట్‌గా, అంటే కంపెనీ జనం దగ్గర తీసుకున్న అప్పు లాంటిదిగా మారుతుంది. కొత్త టీమ్ గేమ్ ఏడాదిలో రావడం కష్టమని పైన చూశాం కదా. విడుదలకు ఎనిమిది తొమ్మిది నెలలే ఉందని తేలాకే ఆ లింకు పెట్టండి.

మిగతావి గబగబా

"ఇది విరాళం, పన్ను ఉండదు." గేమ్ ఇస్తామని తీసుకున్నది విరాళం ఎలా అవుతుంది? అది బయానా. వ్యాపార ఆదాయం కిందే చూస్తారు, జీఎస్‌టీ లెక్కా వేరే ఉంటుంది.

"లాభాల్లో వాటా ఇస్తామంటే ఎక్కువమంది వస్తారు." అస్సలు వద్దు. ప్రైవేట్ కంపెనీ షేర్లను ఆన్‌లైన్‌లో జనానికి చూపించి అమ్మడం మన చట్టం ఒప్పుకోదు. ఎంచుకున్న కొద్దిమందికే షేర్లు అమ్మే ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌కి కూడా ఏడాదికి 200 మందే హద్దు, వాళ్లనీ పేరుపేరునా పిలవాలి.

"స్ట్రెచ్ గోల్స్ పెడితే ఊపు వస్తుంది." గోల్ దాటి ఇంకా డబ్బు వస్తే ఇంకా ఇవి చేస్తామని ఇచ్చే మాటలే స్ట్రెచ్ గోల్స్. షవెల్ నైట్ గేమ్ 2014లో వచ్చింది, స్ట్రెచ్ గోల్స్‌లో ఒప్పుకున్న అదనపు ఆటల్లో చివరిది పూర్తయ్యేసరికి 2019 డిసెంబర్. హాలో నైట్‌కి స్ట్రెచ్ గోల్‌గా చెప్పిన ఒక అదనపు పాత్ర పెరిగి పెరిగి సిల్క్‌సాంగ్ అనే వేరే గేమ్ అయి 2025 సెప్టెంబర్‌లో వచ్చింది. ఆ రెండు టీమ్‌లకూ మొదటి గేమ్ బాగా అమ్ముడైంది కాబట్టి నెట్టుకొచ్చాయి. మీరు పెట్టాలనుకుంటే సంగీతమో, ఇంకో భాషో పెట్టండి. కొత్త పాత్ర, కొత్త మ్యాప్, మల్టీప్లేయర్ మాట ఎత్తొద్దు.

"పేజీ పెడితే జనం వాళ్లే వస్తారు." రారు. ముందు స్టీమ్ పేజీ తెరవండి, ఫీజు 100 డాలర్లు. డెమో పెట్టి విష్‌లిస్టులు (తర్వాత కొంటామని ఆటగాళ్లు గుర్తుపెట్టుకునే జాబితాల్లో చోటు) పోగేయండి. స్టీమ్‌లో ఏడాదికి మూడుసార్లు జరిగే డెమోల పండుగ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం, డెమో సగంలో ఉండగా దాన్ని వాడేయకండి.

"డెమో చూపిస్తే ఐడియా ఎత్తేస్తారు." పైన చెప్పిన ఆ భటుణ్ణి ఎత్తేయాలన్నా వాళ్లకీ ఇరవై అయిదు రోజులు పడుతుంది.

"ఫెయిలైతే?"

దీన్ని గొంతు తగ్గించి అడుగుతారు. ఇంట్లో చెప్పకుండా ఉద్యోగం మానేసినవాళ్లు మరీను. ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు భయాలున్నాయి.

క్యాంపెయిన్ గోల్ చేరకపోవడం మొదటిది. కిక్‌స్టార్టర్‌లో గోల్ చేరకపోతే ఎవరి కార్డు నుంచీ రూపాయి తీయరు, మీరెవరికీ బాకీ పడరు. పుణెలో తయారైన "రాజీ" అనే గేమ్ 2017లో కిక్‌స్టార్టర్ గోల్ చేరలేదు. 2020లో నింటెండో స్విచ్ మీద విడుదలైంది. దీనికి పరువు పోయిందని బాధపడకండి.

డబ్బు తీసుకున్నాక గేమ్ ఇవ్వలేకపోవడం రెండోది. దీనికి భయపడటంలో న్యాయముంది, కానీ దారి కూడా ఉంది. కిక్‌స్టార్టర్ నిబంధనల ప్రకారం ఎంత పని జరిగింది, డబ్బు దేనికి ఖర్చయింది, ఎందుకు పూర్తి చేయలేకపోతున్నాం అన్నది బ్యాకర్లకు నిజాయితీగా చెప్పాలి. మిగిలిన డబ్బుని వాళ్లకు తిరిగివ్వాలి. 2014లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఒక పేకముక్కల క్యాంపెయిన్ మీద కేసు వేశారు. సరుకు పంపలేదు, అప్‌డేట్లూ ఆపేశారు. మరుసటి ఏడాది కోర్టు జరిమానా, ఖర్చులు, బ్యాకర్ల డబ్బు కలిపి 54,000 డాలర్ల పైనే కట్టమంది. బ్యాకర్లకు తిరిగివ్వాల్సింది అందులో 668 డాలర్లే.

కాబట్టి మొదటి రోజు నుంచే ఈ డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. ప్రతి ఖర్చుకీ బిల్లు దాచండి. ఏమీ జరగని నెలలో కూడా "ఈ నెల ఏమీ జరగలేదు, కారణం ఇదీ" అని అప్‌డేట్ రాయండి. మూడు నెలల జీతాలకు సరిపడా డబ్బు మాత్రమే మిగిలిన రోజున, ఆపాలా, గేమ్‌ని కోయాలా, పబ్లిషర్ దగ్గరికి వెళ్లాలా అన్నది అందరూ కూర్చుని తేల్చండి. పబ్లిషర్‌తో మాటలు సంతకం దాకా వెళ్లడానికి నెలలు పడుతుంది. ఖాతా ఖాళీ అయ్యాక ఆ మాటలు మొదలుపెడితే ఆ నెలల జీతాలు ఇవ్వడానికి ఏమీ ఉండదు.