వయోజన విద్యార్థి ఎదుగుతుంటే గురువుకు కలిగే ఇబ్బంది: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో కె.ఆర్.పురం వైపు సాయంత్రం తరగతులు చెబుతాను. అనంతపురం, కదిరి, మదనపల్లె ప్రాంతాల నుంచి వచ్చి భవన నిర్మాణంలో, గార్మెంట్ ఫ్యాక్టరీల్లో, అపార్ట్‌మెంట్లలో పనిచేసే తెలుగువాళ్లే నా విద్యార్థులు. ఎక్కువమంది ఓపెన్ టెన్త్‌కు చదువుతున్నారు. వయోజన విద్య అనగానే అందరూ విద్యార్థి కష్టాల గురించే అడుగుతారు. బల్లకు ఇవతలి వైపు గురువులో ఏం జరుగుతుందో ఎవరూ అడగరు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు అది ముందే తెలియాలి.

అపోహ: నలభై దాటితే చదువు ఎక్కదు.

వాస్తవం: బట్టీ పట్టే వేగం వయసుతో తగ్గుతుంది. పదసంపద మాత్రం చాలా ఏళ్లు పెరుగుతూనే ఉంటుంది. పుస్తకంలోని శాతాల లెక్క చూసి తల దించుకున్నవాళ్లే, తమ జీతం చీటీలో పి.ఎఫ్. 12 శాతం, ఇ.ఎస్.ఐ. 0.75 శాతం కోత సరిగ్గా పడిందో లేదో నాకంటే ముందు తేల్చేస్తారు. ఓపెన్ టెన్త్ నడిపే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) పదో తరగతికి గరిష్ఠ వయోపరిమితి లేదు, తెలుగు మాధ్యమమూ ఉంది.

అపోహ: గురువును మించిన శిష్యుణ్ని చూస్తే గురువుకు ఆనందమే.

వాస్తవం: ఆనందం ఉంటుంది. దాని పక్కనే ఇంకొకటి కూడా ఉంటుంది. మొదటి ఏడాది అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, పిల్లల బడి నుంచి వచ్చిన కాగితం, అన్నీ మన చేతికే వస్తాయి. “సార్, ఇది కాస్త చదివి చెబుతారా?” అని గుమ్మం దగ్గర ఆగే మనిషి ఒకరోజు ఆగకుండా వెళ్లిపోతుంది. తెలుగు చదవడం పట్టుబడ్డాక, లిపులు దగ్గరివి కాబట్టి, కన్నడ బోర్డులు తనే కూడబలుక్కుంటుంది. ఆ తర్వాత మనం చెప్పిన జవాబును పుస్తకంతో పోల్చి, “ఇక్కడ వేరేగా ఉంది సార్” అంటుంది. మరికొన్నాళ్లకు మనం చదవని పుస్తకం గురించి మనకే చెబుతుంది. దానికోసమే కదా చదువు చెప్పింది! అయినా లోపల ఎక్కడో చివుక్కుమంటుంది.

పిల్లలకు చెప్పే పంతులుకు ఇది ఇంతగా తగలదు. పిల్లలు ఎదుగుతారని ముందే తెలుసు, ఏటా తరగతి మారిపోతారు. ఇక్కడ ఎదురుగా కూర్చున్నది మన ఈడు మనిషి, ఒక్కోసారి మనకంటే పెద్ద. సంసారం ఈదినవాళ్లు, మేస్త్రీగా పదిమందితో పనిచేయించినవాళ్లు. మన పైచేయి అంతా అక్షరం ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటుంది. అది వాళ్లకూ వచ్చాక ఇద్దరు సమానులు మిగులుతారు. ఆ సమానత్వానికి సిద్ధపడి వచ్చే గురువులు తక్కువ.

అపోహ: నాలుగు అక్షరాలు రాగానే పొగరు వచ్చింది.

వాస్తవం: ఈ మాట ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ అంటే మనకు మండుతుంది. అదే మాటను గురువులు టీ తాగుతూ అనడం నేను విన్నాను. చాలాసార్లు జరిగింది ఇంతే: ఆమె నేల చూపులు మాని ముఖం చూసి మాట్లాడింది. చదువు ఎంతవరకు పాకాలో, ఆ చదువు చెప్పినవాళ్లు నిర్ణయించలేరు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు, సారా వల్ల చితికిన కుటుంబం కథను వాచకంలో చదివారు. సంతకం నేర్చుకుని ఇంటికి పోలేదు, సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారాను నిషేధించక ప్రభుత్వానికి తప్పలేదు. కొత్తగా వచ్చే ప్రతి గురువుకూ ఈ చరిత్ర చెబుతాను. సంతకం దగ్గరే ఆగిపోయే చదువు చెప్పాలనుకునేవాళ్లు ఈ పనిలోకి రాకపోవడం మంచిది.

అపోహ: చదువుతో ఆమెలోని సహజత్వం పోయింది.

వాస్తవం: మంచి గురువులు కూడా పడే గుంత ఇది. మొదట్లో ఆమె తన సీమ యాసలో రాసిన నాలుగు వాక్యాలు మనల్ని కదిలిస్తాయి, పదిమందికీ చూపించుకుంటాం. రెండేళ్లకు ఆమె పరీక్షకు తగ్గట్టు పేరాలు కట్టి, ఉపోద్ఘాతంతో వ్యాసం రాస్తే “అదంతా పోయిందే” అని దిగులు పడతాం. ఆ వ్యాసం అలా రాయాలని నేర్పింది మనమే. పైగా యాస ఎక్కడికీ పోలేదు. చెల్లెలితో ఫోనులో అదే మాట్లాడుతుంది. ఏది ఎక్కడ వాడాలో ఎంచుకునే శక్తి ఇప్పుడామెకు వచ్చింది. మనకు నచ్చిన పాత రూపంలోనే ఆమె ఉండిపోవాలని కోరుకోవడం ప్రేమలా కనిపిస్తుంది గానీ, అందులో ఆమె మేలు లేదు.

అపోహ: “నువ్వింకా సిద్ధంగా లేవు” అనడం గురువు బాధ్యత.

వాస్తవం: కొన్నిసార్లు అవును. కానీ ఎన్‌ఐఓఎస్‌లో ఏడాదికి రెండుసార్లు పబ్లిక్ పరీక్షలుంటాయి. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలుంటాయి, ఒక్కో సబ్జెక్టు విడిగా రాసుకోవచ్చు. ఇంత వెసులుబాటు ఉన్నచోట పరీక్ష రాయకుండా పూర్తిగా ఆపుతున్నామంటే, ఆ భయం ఎవరిదో చూసుకోవాలి. డిగ్రీకి వెళతానంటే “ఇక్కడే ఇంకో ఏడాది ఉండు” అనడం కూడా అలాంటిదే. పరంజా కట్టే మా విద్యార్థులకు బాగా తెలుసు: గోడ గట్టిపడ్డాక కర్రలు విప్పాల్సిందే. బోధనలో గురువు ఇచ్చే ఆసరాను 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు ఈ పరంజాతోనే పోల్చి వివరించారు.

అపోహ: ఇలాంటి ఇబ్బంది కలిగితే మంచి గురువు కాదు.

వాస్తవం: ఇబ్బంది కలగడం తప్పు కాదు. దాన్ని విద్యార్థి మీద పెట్టడం తప్పు. “నన్ను మరిచిపోయావు” అని ఆమెతో అనకూడదు. మనల్ని ఓదార్చే పని కూడా ఆమె నెత్తిన వేసినట్టవుతుంది. తోటి గురువుకు చెప్పుకోవాలి, విన్నవాళ్లు ఎగతాళి చేయకూడదు. తరగతిలో చేయదగిన పని కూడా ఒకటుంది. మేము ప్రతి ప్రశ్నలో దేనికెన్ని మార్కులో రాసిన కాగితాన్ని విద్యార్థుల చేతికే ఇస్తాం. జవాబులు ముందు వాళ్లు దిద్దుకుంటారు, తర్వాత మేము దిద్దుతాం. తేడా వచ్చినచోట కారణం చెప్పాల్సింది గురువే. ఆ కారణం నిలబడకపోతే వాళ్లు వేసుకున్న మార్కే ఖాయం చేస్తాం.