నేపథ్యం: బడి బొమ్మల పుస్తకాల్లో బెత్తం పోయాక ఏం వచ్చింది?

బడిలో ఎలా మెలగాలో చిన్నపిల్లలకు చెప్పే బొమ్మల పుస్తకాల మీద వాదన మళ్లీ రేగింది. ఇప్పటి పుస్తకాల్లో పిల్లాడి అల్లరే తప్ప క్రమశిక్షణ కనిపించడం లేదని టీచర్లు కొందరు అంటున్నారు. పాత నీతి పుస్తకాలు తిరిగొస్తే పసివాళ్లు బడి పేరు చెబితేనే జడుసుకుంటారని పిల్లల గ్రంథాలయాలు నడిపేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు అంటున్నారు. పంచతంత్రం, సుమతీ శతకం దగ్గర్నుంచి నీతిబోధ కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. ఈ తగవు మూలం 2002 ఫిబ్రవరిలో ఉంది.

ఆ నెల 18న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 16 ఇచ్చింది. 1966 నాటి విద్యా నియమాల్లో 122వదాన్ని సవరించి, అన్ని విద్యాసంస్థల్లోనూ పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. అంతకుముందే, 2000 డిసెంబరులో, ఢిల్లీ హైకోర్టు అక్కడి పాఠశాల నిబంధనల్లో దండనకు వీలిచ్చే భాగాన్ని కొట్టేసింది. అప్పట్లో జమ్మూ కశ్మీర్ తప్ప దేశం మొత్తానికీ విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. బెత్తం మాట అందరూ పట్టుకున్నారు. రెండో మాటను బొమ్మల పుస్తకాలు వేసేవాళ్లలో చాలామంది పట్టించుకోలేదు.

మధ్యలో పిన్ను కొట్టిన 16 పేజీల పుస్తకం తీసుకోండి. టైటిలు, ప్రచురణ వివరాలు పోగా కథకు మిగిలేవి 12 లేదా 13 పేజీలు. పాత నమూనాలో మొదటి పది పేజీల్లో పిల్లాడు పక్కవాడి పెన్సిలు లాక్కుంటాడు, వరుసలో తోస్తాడు, పాఠం జరుగుతుంటే బల్ల కిందకు దూరతాడు. చివరి రెండు పేజీల్లో బెత్తం, ఏడుపు, బుద్ధి రావడం. బెత్తం తీసేయాల్సి వచ్చినప్పుడు కథను మొదటి నుంచీ తిరగరాయాల్సింది. అలా చేయకుండా చాలామంది ఆ చివరి రెండు పేజీల్లోకే సిగ్గును తెచ్చి పెట్టారు. క్లాసంతా వేలెత్తి చూపి నవ్వుతుంది, లేదా ఎవరూ ఆటకు పిలవరు. పిల్లాడు మూలన నిలబడి కళ్లు తుడుచుకుంటాడు. పేరు ముందు 'అల్లరి', 'మొండి' అన్న బిరుదు అట్ట మీదే ఉంటుంది.

జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు బెంచీ ఎక్కించడం, గోడకుర్చీ వేయించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం వంటివన్నీ శారీరక దండనే అన్నాయి. వెటకారం చేయడం, ఎగతాళి పేర్లు పెట్టి పిలవడం, పదిమందిలో చులకన చేయడం మానసిక వేధింపు కిందికి వస్తాయి. టీచరు చేస్తే తప్పయ్యే పని పుస్తకంలో మాత్రం కథకు ముగింపుగా నిలిచిపోయింది. దాని ఫలితం తరగతిలో కనబడుతుంది. కథ చదివి పుస్తకం మూసేసరికి అట్ట మీది బిరుదు క్లాసులో ఎవరో ఒక పిల్లాడికి అంటుకుంటుంది. కథలోని పిల్లాడు చివరి పేజీలో మారతాడు గానీ ఈ పిల్లాడికి ఆ పేరు ఏడాదంతా పోదు.

టీచర్ల ఫిర్యాదుకూ మూలం ఇదే. నాలుగైదేళ్ల పిల్లలు అక్షరాలు చదవరు, బొమ్మలే చదువుతారు. పది పేజీల నిండా తోపులాట, ఒక్క పేజీలో 'ఇక బుద్ధిగా ఉంటాను' అన్న మాట ఉంటే వాళ్లు ఇంటర్వెల్‌లో ఆడేది తోపులాటే. 'బుద్ధిగా ఉండడం' బొమ్మలో కనబడే పని కాదు మరి. స్టేషనరీ షాపుల్లో దొరికే మంచి అలవాట్ల చార్టుదీ ఇదే లోపం. తప్పు పని మీద ఎర్రగా ఇంటూ గుర్తు వేస్తారు, పిల్లల కళ్లు ముందు దాని మీదికే పోతాయి.

పనికొచ్చే పుస్తకం పేజీలను వేరే రకంగా పంచుతుంది. మధ్యాహ్న భోజనానికి ముందు చేతులు కడిగే కుళాయి దగ్గర కథ అనుకుందాం. తోపులాటకు రెండు పేజీలు చాలు. మూడో పేజీలో పళ్లెం జారిపోయిన పాప మొహం పేజీ నిండా ఉండాలి. తర్వాత నాలుగైదు పేజీలు శరీరంతో ఏం చేయాలో చూపాలి: ముందున్నవాళ్ల వీపుకు చేయిచాపు దూరం, పళ్లెం రెండు చేతులతో ఛాతీకి ఆనించడం, తన వంతు వచ్చేదాకా అంకెలు లెక్కపెట్టడం. ఆ తర్వాత అదే కుళాయి, మర్నాడు. తోసిన పిల్లాడికి రెండో అవకాశం దక్కే ఈ పేజీలను ఖర్చు తగ్గించుకోవాలన్నప్పుడు ముందుగా తీసేస్తుంటారు. కథంతా ఆధారపడింది మాత్రం వాటిమీదే. టీచరు బొమ్మ కూడా ముఖ్యమే. చీర అంచు, చూపుడువేలు గీసి వదిలేయకుండా, పిల్లాడి కళ్ల ఎత్తుకు వంగిన మనిషిని గీయాలి. పేజీకి రెండు వరుసలు మించకూడదు. ఒత్తులు కింది వరుసకు తగలకుండా ఎడం ఉండాలి.

ఒకే టీచరు నలభై మందికి చదవాల్సిన చోట ఇదంతా కుదరదన్న మాట నిజమే. మామూలు సైజు పుస్తకం మూడో వరుసకే ఆనదు. అక్కడ పెద్ద సైజు పుస్తకం కావాలి, లేదా ఆరేడుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని విడతలుగా చదవాలి.

ఇప్పటి గొడవలో మరుగున పడిన సంగతి మరొకటి ఉంది. విద్యాహక్కు చట్టం లెక్కలో బాలలంటే 6 నుంచి 14 ఏళ్లవాళ్లు. ఈ పుస్తకాలు ఎక్కువగా చేరేది అంగన్‌వాడీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు. 2020 జాతీయ విద్యావిధానం, దాని వెంట 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్లను ఒకే దశ చేశాయి. 17వ సెక్షన్ వర్తించే వయసు మాత్రం మారలేదు, ఆరేళ్ల లోపువాళ్లు దాని బయటే ఉన్నారు. తెలుగు నేల మీద ఆ లోటును కొంతైనా పూడ్చగలిగేది, అన్ని విద్యాసంస్థలనూ కలిపి చెప్పిన ఆ జీవో 16 సవరణ. బడులకు పుస్తకాల జాబితా తయారుచేసేవాళ్లు దాన్ని పక్కన పెట్టుకుని, ఎంచుకున్న ప్రతి పుస్తకంలో తప్పుకు ఎన్ని పేజీలిచ్చారో, నేర్పే పనికి ఎన్ని ఇచ్చారో, చివర్లో ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో చూడాలి.